దివాలాదారుని మౌనము

మానవుడు దేవఋణ, ఋషిఋణ, పితృఋణములతోనే జన్మించునని నమ్మిన మన పూర్వులు ఋణమును కేవలము ధనవ్యవహారముగా నెంచలేదు. రాజు విచారింపవలసిన పదునెనిమిది వివాదపదములలో ఋణాదానమునే మనువు మొదట నిలిపెను. అట్టి సంప్రదాయమున పెరిగినవారికి 1909 నాటి ప్రెసిడెన్సీ నగరముల ఇన్సాల్వెన్సీ చట్టము విపరీతముగా తోచవచ్చును. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరములకై యేర్పడిన యా చట్టము, అప్పు తీర్చలేకపోయిన మాత్రమున నెవనిని శిక్షింపదు. ఆస్తిని అఫిషియల్ అసైనీ యను న్యాయస్థానాధికారి వశముచేసి, పనిముట్లు, కట్టుబట్టలు, వంటపాత్రలు మొదలగువానిని 300 రూపాయల మేరకు దివాలాదారునికే విడిచి, న్యాయస్థానము సమ్మతించినచో ఋణవిముక్తుని సైతము చేయును. కాని యాతడు లెక్కపుస్తకములు చూపక, ఆస్తి వివరములు తెలుపక, తన చేతనున్నదానిని బుద్ధిపూర్వకముగా నప్పగింపక యుండెనేని, 33వ సెక్షను ప్రకారము న్యాయస్థాన ధిక్కార దోషి యగును. వేలకు వేలు చెల్లింపలేనివానిని మన్నించిన చట్టము చిట్టాపుస్తకమును దాచినవానిని మన్నింప నొల్లదు. ఇందలి ధర్మమేమి?

హత్యానేరము మోపబడినవానికి సైతము తనకు ప్రతికూలముగా సాక్ష్యము చెప్ప నక్కఱలేని రక్షణను రాజ్యాంగము 20వ అధికరణమున నొసగినది గదా, దివాలాదారునికి మౌనమేల కూడదని యడుగువారు కలరు. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదిది. నాకు తోచిన సమాధాన మిది. తానై ఐ.పి. (ఇన్సాల్వెన్సీ పిటిషను) పెట్టినవాడు న్యాయస్థానమును శరణుజొచ్చినవాడు. అప్పులవారి బారినుండి కాపాడుమని వేడి, కాపాడువారి యొద్దనే గుట్టు దాచుట శరణాగతిధర్మమునకు విరుద్ధము. అప్పులవారే కోర్టున కీడ్చినవాడు శరణు వేడలేదు, నిజమే. అయినను దివాలాదారుగా నిర్ణయింపబడినంతనే యాతని యాస్తి అసైనీ పరమై, అప్పులవారందఱి నిమిత్తమొక న్యాస మగుచున్నది. బావమఱది యింట దాచిన బంగారము నాటినుండి తనది కాదు. పరుల సొమ్మెక్కడ నున్నదో చెప్పకుండు హక్కు ఎవ్వరికిని లేదు.

రాజ్యము పోయిన పిమ్మట హరిశ్చంద్రుడు విశ్వామిత్రుని ఋణము తీర్చుటకై ఆలుబిడ్డలను, తన్నును అమ్ముకొనెను. అంతటి త్యాగమును ఏ చట్టమును కోరరాదు. మనుష్యవిక్రయమును సహింపని యీ కాలపు ధర్మము ఆ విషయమున మేలైనదనియే నా విశ్వాసము. కాని సర్వము కోల్పోయినవానికి గూడ, ఎవ్వరును జప్తు చేయజాలనిది, నిజము చెప్పు శక్తి యొకటి మిగిలియుండును. చట్టము కోరుచున్నది దానినే.

అయినను మౌనములన్నియు కపటములు కావు. నిన్నటిదాక పదిమందికి అన్నము పెట్టినవాడు నేడు తన యింటి చెంబులను జాబితా వ్రాసి యొప్పగింపవలసి వచ్చినపుడు నోరు పెగలకుండుట లజ్జవలననే కావచ్చును. వాయిదాకు రానివానినెల్ల ధూర్తుడనుకొను కోపము అప్పులవారికి సహజము, న్యాయాధిపతికి తగదు. బుద్ధిపూర్వకమైన నిరాకరణమునే చట్టము దోషమన్నది గనుక, లజ్జను కపటమునుండి వేఱుచేయుటయే యాయన చేయవలసిన మొదటి పని.

1971 నాటి న్యాయస్థాన ధిక్కార చట్టము ఆఱునెలలవఱకు సాధారణ కారాగారమును విధింపనిచ్చుచునే, తృప్తికరమైన క్షమాపణ చెప్పినవానిని విడువవచ్చునన్నది. చేసిన పాపమును వెల్లడిచేయుట, పశ్చాత్తాపపడుట శుద్ధిమార్గములని మనువును ప్రాయశ్చిత్తప్రకరణమున చెప్పియున్నాడు. కావున దాచిన లెక్కలను తెచ్చి ముందుంచినవానిని, ఆలస్యముగా వచ్చెనన్న కారణమున చెఱకు పంపుట నాకు సమ్మతము కాదు. చిట్టాను ఇంటనే వదలి, వట్టి క్షమాపణపత్రముతో వచ్చినవానిని విడుచుటయు సమ్మతము కాదు.