రెండో అక్షరం దగ్గర వెతుకు తల్లీ

అమ్మలూ, నువ్వు పంపిన పల్లవి పైకి రెండుసార్లు పాడుకున్నాను. ‘చినుకు కురిసింది, మనసు మురిసింది’ దాకా హాయిగా సాగి, ‘కలలు విరిసింది’ దగ్గర గొంతు ఆగిపోయింది. కలలు విరిశాయి అనాలి కదా! నీకు తెలియక కాదు, ప్రాస కుదరాలని వ్యాకరణాన్ని వదిలేశావు.

మన వాక్యం చాలావరకు క్రియతోనే ముగుస్తుంది. ‘-ంది’, ‘-తాడు’, ‘-లేదు’ అంటూ ఎన్ని పాదాలకైనా ఒకే ముగింపు దొరుకుతుంది. అంత్యప్రాస వద్దనడం లేదు. ఆరుద్ర గారి ‘కూనలమ్మ పదాలు’ తీసి చూడు. మూడు చిట్టి పాదాలకూ చివర ప్రాస పడుతుంది, అయినా ఒక్క మాటా అతికించినట్టుండదు.

నేను చెప్పేది ఇంకో చోటు గురించి. కందానికీ, ఉత్పలమాలకూ మన పెద్దవాళ్లు ప్రాస పెట్టింది పాదం చివర కాదు, రెండో అక్షరంలో. హల్లు ఒకటైతే చాలు, దాని మీది అచ్చు మారవచ్చు. గాలి, నేల, పూలు మూడూ కలుస్తాయి. ‘కల’ మాత్రం వాటితో కలవదు, మొదటి అక్షరం పొట్టిది కనుక. ‘అమ్మ’కు ‘కొమ్మ’ కావాలి, ‘ఆమని’ సరిపోదు. ‘చందమామ’కు సున్నా ఉన్న మాటే తేవాలి. పాటకు ఈ నియమాలన్నీ తప్పనిసరి కాదు గానీ, చెవికి ఇవి అలవాటైతే మాటలు వాటంతటవే జతకడతాయి.

మొన్న ఫోన్లో వాన గురించి అడిగితే ఏం చెప్పావో గుర్తుందా? చూరు కింద అమ్మ బిందె పెట్టిందనీ, నారుమడి చూసి నాన్న మురిసిపోయాడనీ అన్నావు. పాట అక్కడే ఉంది.

చూరు నీరు బిందెలోకి జారుతుంటే
నారుమడిన నాన్న కళ్లు నవ్వుతుంటే

చూరు, నారు ఎక్కడినుంచో తెచ్చినవి కావు, నీ నోటి మాటలే. చివరి ‘తుంటే’ని వెతకనే లేదు, దానంతటదే వచ్చింది. మూడేసి మాత్రల నడక, చేత్తో తాళం వేసుకుని చూడు.

నిఘంటువు మొదటి అక్షరం వరసలో ఉంటుంది, ఈ పనికి అంతగా అక్కరకు రాదు. ఒక నోటుబుక్కు కొనుక్కుని రెండో అక్షరానికి ఒక పేజీ చొప్పున రాసుకో. జంట అక్షరాలకు వేరే, సున్నా ఉన్నవాటికి వేరే. అమ్మమ్మ వంటింట్లో వాడే మాటలూ, నాన్న పొలం మాటలూ ముందు ఎక్కించు. అవి ఇప్పుడు రాసుకోకపోతే మళ్లీ ఎవరి నోటా వినలేవేమోనని నా భయం.

చరణంలో ‘బిందె’ దగ్గర ఆగిపోయానన్నావుగా. సందె ఉంది, అందె ఉంది, మందారం ఉంది. మీ పెరట్లో సన్నజాజి పందిరి కూడా ఇంకా ఉందనుకుంటాను. ఆదివారం చరణం పట్టుకుని రా, వింటాను.