మనుషుల జాడ లేని చోటు

ఇరవై ఏళ్ళు కంపెనీల సర్వర్లు కూలిపోకుండా కాపలా కాశాక, కూలిపోయేలా ఉన్నది నేనేనని డాక్టరు తేల్చాడు. కన్సల్టింగ్ మానేసి, వర్జీనియాలోని షెనాండోవా లోయలో ఎనిమిదెకరాలు కొని, మూడు చెక్క ఇళ్ళు కట్టించాను. వాషింగ్టన్ నుంచి రెండు గంటల దారి. నాలాగా అలసిపోయినవాళ్ళు శని, ఆదివారాలు వచ్చి ఉంటారని ఆశ. "కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేసింది దుప్పట్లు ఉతకడానికా?" అన్నాడు నాన్న కర్నూలు నుంచి ఫోన్లో. సెప్టిక్ ట్యాంకు పర్మిటు, బ్యాంకు అప్పు లాంటి కష్టాలు మామూలే. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే సంగతి.

మా ప్రకటనలో "మనుషుల జాడ లేని కొండల ఒడిలో" అని మురిపెంగా రాసుకున్నాను. కంచె వేయడానికి సాయం వచ్చిన పక్క పొలం పెద్దాయన అది చదివాడు. కోప్పడలేదు. "జాడ ఉంది. రేపు చూపిస్తాను," అన్నాడు.

మర్నాడు నేషనల్ పార్కులో గంటసేపు నడిపించాడు. చెట్ల మధ్య ఒంటరిగా రాతి పొగగొట్టం. ఎవరో నాటిన ఆపిల్ చెట్లు. పేర్లు చెక్కని సమాధి రాళ్ళు. అది వాళ్ళ తాత ఇల్లట. పార్కు కోసం భూములు తీసుకోవడానికి వర్జీనియా ప్రభుత్వం 1928లో చట్టం చేసింది. 1935లో పార్కు ఏర్పడింది. ఐదువందలకు పైగా కుటుంబాలు కొండ దిగాయి. భూమి సొంతమైన వాళ్ళకి పరిహారం దక్కింది, కౌలుకున్నవాళ్ళకి అదీ లేదు. ఆ కొండవాళ్ళు అనాగరికులని పుస్తకం కూడా రాశారు. అలాంటి మాటలు చదివితే ఖాళీ చేయించడం వాళ్ళ మేలుకే అనిపిస్తుంది. ప్రాణమున్నంతవరకూ ఉండనిచ్చిన కొద్దిమంది ముసలివాళ్ళలో ఆఖరామె 1979లో పోయింది.

నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

1981లో శ్రీశైలం జలాశయం కింద మునిగిన సుమారు వంద ఊళ్ళలో మా అవ్వ ఊరొకటి. అప్పటికి నాకు ఏడాది నిండలేదు. ఎండాకాలం నీళ్ళు దిగి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడల్లా అవ్వ అటు వెళ్ళేది. ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. పట్నం నుంచి కారులో వచ్చినవాళ్ళెవరో మా వాకిలి ఉండిన చోటే జంపఖానా పరుచుకుని పులిహోర తింటున్నారు. "ఎంత ప్రశాంతంగా ఉందో!" అంటోంది ఒకావిడ. నాకు ఒళ్ళు మండింది. అవ్వ మాత్రం, "వాళ్ళదేం తప్పురా? చెప్పేటోళ్ళు లేకుంటే వాళ్ళకెట్ల తెలుస్తాది?" అంది.

ఆ పట్నం ఆవిడ మాటనే నేనిప్పుడు రాత్రికింత అని అమ్ముతున్నాను. ఆవిడకి తెలియదు. నాకు తెలిసిపోయింది.

అయితే ఏం చేయాలి? ఆ నీళ్ళిచ్చిన కరెంటు వెలుగులో చదువుకునే నేనిక్కడిదాకా వచ్చాను. ఈ పార్కు వల్లే కొండలకి ఎలుగుబంట్లు తిరిగొచ్చాయి, ఏటా లక్షలమంది వచ్చి ఊపిరి పీల్చుకుంటున్నారు. ఒకరి నష్టం మీద నిలబడని సుఖం వెతుక్కుంటూ పోతే నిలబడడానికి చోటే దొరకదేమో. కానీ ఆ నష్టాన్ని లేదనడం మాత్రం ఎవరూ నాచేత చేయించలేదు, నేనే చేశాను. ముందు వాళ్ళ భూమి పోయింది. నా ఒక్క వాక్యంతో వాళ్ళు అక్కడ బతికారన్న సంగతి కూడా పోయింది.

"విశ్రాంతికొచ్చినవాళ్ళకి సమాధుల కథలా? వ్యాపారం మునుగుతుంది," అంది మా ఆవిడ. అప్పు లెక్కలు చూసేది తనే కనుక ఆ మాట తీసిపారేయలేను. అయినా ప్రకటన మార్చాను. ప్రతి ఇంట్లోనూ టేబుల్ మీద ఒక పేజీ పెట్టాను. ఇక్కడ ఎవరుండేవారో, ఎలా వెళ్ళారో అందులో ఉంది. పెద్దాయనకి ముందే చూపిస్తే ఒకటే దిద్దాడు. "వెళ్ళిపోయారు" కొట్టేసి "పంపించేశారు" అని రాశాడు.

పోయిన నెల ఒక జంట ఆ పేజీ చదివి, మనసు పాడైందని ఒకరోజు ముందే వెళ్ళిపోయారు. డబ్బు తిరిగిచ్చాను. తరువాతి వారం వచ్చిన ఒకామె ఆ పొగగొట్టానికి దారి అడిగింది. పెద్దాయన ఊతకర్ర తీసుకుని ముందు నడిచాడు.

వ్యాపారం నిలుస్తుందో లేదో ఇంకా తెలియదు. చెప్పేవాళ్ళు లేరని మాత్రం మా అవ్వ ఇక్కడ అనలేదు.