ఇంటికి ఏ రాయి? ఏ మన్ను?



నంద్యాల నుండి మహానందికి వెళ్లు దారిలో పల్లెలను ఎప్పుడైనను పరికించి చూచితివా? ఒక వీధిలోనే మూడు కాలముల ఇండ్లు కనబడును. ఒకటి మట్టిగోడల చవుడు మిద్దె. మరియొకటి రాతిగోడలపై బండలు పరచిన ఇల్లు. ఇంకొకటి సిమెంటుతోను ఇనుప కడ్డీలతోను వేసిన స్లాబు ఇల్లు. ఇల్లు కట్టనెంచినవాడు వీటిలో ఏది మేలని మేస్త్రీని అడుగును. తన మూటలోని సొమ్మును అడుగును. మనస్సాక్షిని అడుగువారు అరుదు. గోడకును మనస్సాక్షికిని పొత్తేమి అందువేమో! కొంచెము ఓపికతో వినుము.

మన పెద్దలు చేతికి అందిన వాటితోనే కట్టుకొనిరి. మందమైన మట్టిగోడను దాటి పగటి ఎండ లోనికి చేరుసరికి ప్రొద్దు వాలును. మిద్దెకు దూలములు, దంతెలు, వాటిపై బండలో వెదురో, ఆపైన చవుడు. పైరుకు పనికిరాని ఆ మన్నే వాన తగలగానే మెత్తబడి, సందులను మూసి, నీటిని క్రిందికి దిగనీయదు. పొలములో నిందపడిన మన్ను ఇంటిపై కాపుదలయైనది!

1945లో కుష్ఠురోగుల సేవకై మన దేశమునకు వచ్చిన లారీ బేకర్ అను క్వేకరు గృహశిల్పి (1917–2007) కూడ ఇట్టి విద్యనే పల్లెవారి యొద్ద నేర్చుకొనెను. ఇంటికి కావలసినవి అయిదు మైళ్ల లోపల దొరకునవై యుండవలెనని గాంధీజీ చెప్పిన మాట తన జీవితమును మలచినదని ఆయన చెప్పుచుండెను. ఇటుకలను నిలువుగా పేర్చి, నడుమ ఖాళీ విడిచి కట్టు పద్ధతిచేత గోడకు పట్టు ఇటుకలలో నాలుగవ వంతు మిగుల్చవచ్చునని ఆయన కట్టి చూపెను.

అయితే మట్టింటిని పొగడుట సులభము. ఈ మాటలు వ్రాయుచున్న నేను స్లాబు క్రిందనే కూర్చున్నాను. ఏటేట వానలకు ముందు మిద్దెపై క్రొత్త చవుడు పోయవలెను; దూలములను చెదలు తినకుండ చూడవలెను. ఒక్క ఏడు ఏమరినచో, ముసురు పట్టిన రాత్రి పాత మిద్దె నిద్రించువారిపై కూలును. అట్టి వార్త వినని వానకాలము మన సీమలో అరుదు. కనుక బీదవాడు స్లాబు కోరినప్పుడు అది డాంబికమని అనవద్దు. తన బిడ్డలు భయము లేక నిద్రింపవలెనని అతడు కోరుచున్నాడు.

ఇక స్లాబు నిర్దోషియా? సున్నపురాతిని దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చిన గాని సిమెంటు పుట్టదు. లోకమంతట మనుష్యులు వాయుమండలములోనికి విడుచు బొగ్గుపులుసు వాయువులో నూటికి ఏడెనిమిది పాళ్లు ఈ సిమెంటు పని నుండియే వచ్చుచున్నవి. పోనీ, దగ్గరిదే వాడుదమా? మహానందికి అయిదు మైళ్ల లోపల నల్లమల యున్నది; కాని ఆ కలపను విచ్చలవిడిగా నరికినచో అడవి మిగులునా? బేతంచెర్ల బండ మన జిల్లాదే. కాని దానిని కోసి నునుపు చేయువాడు పీల్చు రాతిధూళి అతని ఊపిరితిత్తులలో నిలిచిపోవును. ఎవరికిని నొప్పి లేని రాయి గాని, కలప గాని, ఇటుక గాని లేదు. కాబట్టి అడుగవలసినది ఏ వస్తువు పవిత్రమని కాదు. నా ఇంటి వెల ఎవరు చెల్లించుచున్నారని.

కొండమీది ప్రసంగము చివర ఇల్లు కట్టిన ఇద్దరి కథ నీకు తెలిసినదే. ఆ గోడలు రాతివో ఇటుకవో అందు చెప్పబడలేదు. పునాది దేనిమీదనో మాత్రమే చెప్పబడినది. నంద్యాల చుట్టుపట్ల నల్లరేగడి నేలను ఎరిగినవారికి ఇది బాగుగా బోధపడును. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. దానిపై ఇల్లు నిలువవలెనన్న గట్టి నేల తగులువరకు త్రవ్వవలెను. కాని పునాది ఎవరికిని కనబడదు గదా! అందుచేత అక్కడ కోసిన రూపాయిని వీధివైపు గోడకు నునుపురాయిగా అంటింతుము. చూచువాని కొరకు ఖర్చు చేసి, నిద్రించువాని కొరకు వెనుదీయుదుము. పాపము ఆ రాతిలో లేదు, ఈ ఎంపికలో నున్నది.

కనుక నీవు కట్టునది మట్టి కానిమ్ము, రాయి కానిమ్ము, సిమెంటు కానిమ్ము. మూడు ప్రశ్నలు వేసికొనుము. గాలివాన రాత్రి నా ఇంటివారు దీని క్రింద నిర్భయముగా పండుకొందురా? దీనికై చేసిన అప్పును నా బిడ్డలు మోయవలసి వచ్చునా? తట్ట మోసిన కూలికి ప్రొద్దు గూకక మునుపే కూలి చేరినదా? మూటికిని తలయెత్తి జవాబు చెప్పగలిగినచో, నీ ఇల్లు చిన్నదైనను నీకు సిగ్గు లేదు.

మహానంది కోనేటిని చూచినవారు నీటి అడుగున పడిన నాణెము కూడ కనబడునని చెప్పుదురు. ఆ నీరు క్రింది ఊటల నుండి వచ్చును. రాతికట్టలలో నిలిచిపోక వెలుపలికి పారి పొలములను తడుపును. రాయి ఆ నీటికి బందీఖానా కాదు, బాట. నీవు కట్టుకొను గోడలు కూడ అట్టివగును గాక. లోపలివారికి నీడయు, వెలుపలివారికి మేలును వాటినుండి కలుగును గాక.