మత్స్యాహారము – ధర్మవిచారము

దేహమును కాపాడుకొనుట ధర్మమని యెల్లరు నంగీకరింతురు. ప్రాణిహింస కూడదనియు నెల్లరు నంగీకరింతురు. ఈ రెండు ధర్మములకును పొసగని చోట గృహస్థుడేమి చేయవలెను? మాంసమును విడిచి చేపను మాత్రము గ్రహింతుమనువారును, పుట్టుశాకాహారులై యుండియు నారోగ్యము కొఱకు చేపను ముట్టదలచువారును నేడు మన యిండ్లలో కానవచ్చుచున్నారు. వీరి పక్షమున పలుకవలసినదెంత, వీరిని ప్రశ్నింపవలసినదెంత యని యిచట విచారింతము.

పెదకాకానిని నిదర్శనముగా గైకొందము. గుంటూరునకు చేరువనున్న యీ గ్రామమున మల్లేశ్వరస్వామి దేవాలయమును, బాజీబాబా దర్గాయు గలవు. కార్తీకమున నీరుల్లి సైతము ముట్టనివారును, మాంసము లేని పండుగ నెఱుగనివారును ఇట్టి యూళ్లలో ఇరుగుపొరుగున కాపురము చేయుచుందురు. చుట్టును ప్రత్తి, మిరప పండు మెట్టనేలయే యైనను, ఈ సీమకు కొల్లేటి ప్రాంతపు చెరువులును, కృష్ణానదియు, నిజాంపట్టణపు రేవును దూరము కావు. కావున చేప దొరకునా యనునది మనకు ప్రశ్న కాదు. తినదగునా యనునదే ప్రశ్న.

ముందుగా ఆరోగ్యపక్షమును విందము. ఆక్స్‌ఫర్డు పరిశోధకులు సుమారు 48,000 మందిని 18 సంవత్సరములు గమనించి 2019లో తమ ఫలితములను ప్రకటించిరి. మాంసము తినువారితో పోల్చగా, చేపను మాత్రము తినువారికి గుండె రక్తనాళముల వ్యాధి 13 శాతమును, శాకాహారులకు 22 శాతమును తక్కువగా గన్పట్టెను. అయితే ఆ శాకాహారులకే పక్షవాతము 20 శాతము ఎక్కువగా నుండెను. అమెరికాలో 73,000 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో, శాకముతో చేపను చేర్చుకొన్నవారి మరణములు తక్కిన మాంసాహారులకంటె 19 శాతము తక్కువ. ఇవి గమనించి చెప్పిన లెక్కలేగాని కారణమును నిశ్చయించు శాసనములు కావు. చేప తినువారు తక్కిన విషయములందును జాగరూకులై యుండవచ్చును గదా!

ఈ లెక్కలవలన తేలునదేమి? మాంసమును మాని చేపకు మఱలువాడు దేహమునకు మేలు చేసికొనుచున్నాడనుట సమంజసమే. శాకాహారికి మాత్రము చేప యనివార్యము కాదు. కూరగాయలలో లేని బి12 విటమిను పాలు పెరుగులలో గలదు. చాలనిచో మాత్రలు గలవు. అవిసె గింజలలోని క్రొవ్వులో కొలదిభాగమును దేహము చేపనూనెవంటి దానిగా మార్చుకొనును. కావున చేప లేక బ్రదుకు లేదను వాదము నిలువదు. చేప తినుట పతనమను వాదమును నిలువదు.

ఇక దయాపక్షము. మాంసము మాని చేప తినుట హింసను తగ్గించుటయే యని పలువురు తలంతురు. కాని లెక్కించి చూడుడు. ఒక మేక మాంసమును పదియిండ్లవారు పంచుకొందురు. ఒక్క యింటి మెత్తళ్ల కూరకు ఎన్ని ప్రాణములు పోవును! పైగా వైద్యులు మెచ్చునది కవ్వలు, మెత్తళ్లవంటి చిన్న సముద్రపు చేపలనే. వీనియందు మేలైన క్రొవ్వు గలదు, పెద్ద చేపలందువలె పాదరసము పేరుకొనదు, ముల్లుతో నమలిన ఎముకకు బలము చేకూరును. దేహమునకు మిక్కిలి హితమైనదే ప్రాణనష్టమును మిక్కిలిగా పెంచుచున్నది. మేక యరచును గనుక మన గుండె కరగును. చేప యరవదు గనుక దానికి బాధ లేదనుకొందుము. మూగతనము బాధ లేమికి సాక్ష్యము కాజాలదు.

పూర్వు లీ చిక్కు నెఱుగనివారు కారు. అమరావతీ స్తూపమును నిర్మించిన మతమునకు మూలపురుషుడైన బుద్ధుని, భిక్షువులు చేపను మాంసమును ముట్టరాదని శాసింపుమని దేవదత్తుడు కోరగా ఆయన యొప్పుకొనలేదు. తమకొఱకు చంపినట్లు చూడనిది, విననిది, శంకింపనిది గ్రహింపవచ్చుననెను. వంగదేశమున భవదేవభట్టు బ్రాహ్మణులు చేప తినుటను శాస్త్రముతో సమర్థించెను. గాంధీమహాత్ముడు 1912లో పాలను విడిచి, 1918లో తీవ్రవ్యాధికి లోనై, పిదప మేకపాలు పుచ్చుకొనెను. వ్రతము మాటకు నిలిచినను దాని యాత్మకు భంగము కలిగెనని తానే వ్రాసికొనెను. ఈ చివరి నిదర్శనమే మాకు మిక్కిలి యుపదేశకరముగా దోచుచున్నది. ఆయన యవసరమును అవసరమనెను గాని ధర్మమనలేదు.

మనలో జరుగుచున్నది దీనికి విరుద్ధము. చేపను జలపుష్పమని పేరు మార్చి తినువారు కొందఱు. పొరుగూరి భోజనశాలలో తిని, ఇంటికి వచ్చి, చేపలు వండుకొనువారికి ఇల్లద్దెకీయమనువారు కొందఱు. ఆరోగ్యము పేర చేప తిన్నవానికి, పేదరికముచేతనో ఆచారముచేతనో తరతరములుగా దానిని తినువానిని హీనముగా చూచు నధికార మెక్కడిది? విస్తరిలోని పదార్థమును బట్టి కులగౌరవమును తూచుట మానినగాని యీ విచారమునకు అర్థము లేదు.

మఱియొక మాట గృహిణులను గూర్చి. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేను బట్టి ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లవఱకు గల స్త్రీలలో సగముకంటె నెక్కువమంది రక్తహీనులు. అయినను పులుసులోని మంచి ముక్క మగవాని కంచమునకును, తోకయు పులుసును కడపట కూర్చున్న యామెకును చేరుట పెక్కిండ్ల వాడుక. ఒక ప్రాణమును ఆరోగ్యముకొఱకు బలిగొన్నపుడు, ఆ యారోగ్యము దాని యవసరము గలవారికి చేరకున్న, ఆ హింసకు మిగిలిన సమాధానమును లేకపోవును. నూనెలో మాడ్చిన వేపుడును, రక్తపుపోటు గలవాడు తిను ఉప్పుచేపయు నిట్టివే. నాలుక కోరినదానికి వైద్యుని పేరు పెట్టరాదు.

కావున మా యభిప్రాయమిది. శాకముతో ఆరోగ్యముగా నుండగలవారు అట్లే యుండుట మేలు. మాంసము తినువారు చేపకు మఱలుట వారి గుండెకు మంచిది. దానిని దయ యని చెప్పుకొనకుండుట వారి మనస్సునకు మంచిది. తినువారు మితముగా, బహిరంగముగా, ఇంటనున్నవారందఱకు సమముగా పంచి తినవలెను. ఏది తినుచున్నామో, ఎందులకు తినుచున్నామో బిడ్డ లడిగినపుడు దాచక చెప్పగల యిల్లు, ఏ కూర వండుకొన్నను, ధర్మమునకు దూరము కాదు.