చదివిన గ్రంథమునే మరల చదువుట

ఒకసారి చదివి ముగించిన నవలను మరల చేతికెత్తుకొనువానిని చూచి మన యిండ్లలో పెద్దలు నవ్వుదురు. "కథ తెలిసినదే కదా, ఇంక నందేమున్నది?" అని యడుగుదురు. ఆ పెద్దలే యేటేట భాగవత పురాణకాలక్షేపమునకు పోయి కూర్చుందురు. గజేంద్రుడు రక్షింపబడునో లేదో యను సందేహము వారి కెన్నడును లేదు. కావున తెలిసిన కథను మరల వినుట మనకు క్రొత్త గాదు. పురాణమును మరల వినినచో పుణ్యమనియు, నవలను మరల చదివినచో సోమరితనమనియు నెంచుట మాత్రము క్రొత్త.

అయినను ఈ యాక్షేపణమును తేలికగా త్రోసిపుచ్చరాదు. చదువవలసిన గ్రంథములు లెక్కకు మించియున్నవి. గృహస్థునకు దొరకు తీరిక రాత్రి భోజనానంతరమున నొక గంట. ఇంతకంటె బలమైన దోషము మఱియొకటి కలదు. అభిమాన గ్రంథకర్త పుటలలో మన మెఱిగిన యిండ్లు, మన మెఱిగిన మనుష్యులు, మన మెఱిగిన పరిహాసము లుండును. అచ్చట మన నెవ్వరును ప్రశ్నింపరు. అట్టి చోటికే పలుమారు పోవువాడు లోకమునకు ముఖము చాటువేయుచున్నాడేమో యని శంకింపవచ్చును. సంఘమును మార్చవలయునని తలచువారి యింట నీ శంక మఱింత సహజము.

దీనిని గాలిలో చర్చించుటకంటె నొక గ్రంథమాలను పట్టుకొని చర్చించుట మేలు. ఆంగ్లమున ఆంటొనీ ట్రాలోపు రచించిన బార్సెట్టుషైరు నవలలు ఆఱు. మొదటిదగు 'ది వార్డెన్' 1855లోను, కడపటిదగు 'ది లాస్ట్ క్రానికిల్ ఆఫ్ బార్సెట్' 1867లోను వెలువడినవి. బార్సెట్టుషైరను సీమ ఇంగ్లండు పటమున లేదు, అది కల్పితము. గ్రంథకర్త తపాలాశాఖలో ముప్పదిమూడేండ్లు కొలువు చేసినవాడు. ఆ పనిమీద తిరుగుచు, సాల్స్‌బరీ పట్టణమున నొక వేసవి సాయంకాలము అచ్చటి పెద్ద దేవాలయము చెంత నడచుచుండగా మొదటి కథ తోచినదని స్వీయచరిత్రమున వ్రాసికొన్నాడు. క్రైస్తవ మతాధికారుల కథలతో మనకేమి పని యని యెవరైన నడిగినచో, వీరేశలింగముగారి రాజశేఖర చరిత్రమునకు గోల్డుస్మిత్తు వ్రాసిన యొక క్రైస్తవగురువు కథయే ప్రేరకమని జ్ఞాపకము చేసిన చాలును.

బార్చెస్టరు పట్టణమున నొక ధర్మశాల కలదు. నాలుగువందల యేండ్లకు పూర్వము ఒక ధనికుడు మరణశాసనము వ్రాసి, పని చేయజాలని పండ్రెండుగురు ముదుసళ్ల పోషణమునకై భూము లిచ్చెను. కాలక్రమమున భూముల రాబడి పెరిగెను. పెరిగిన రాబడి ముదుసళ్లకు చేరలేదు; వార్డెనను అధ్యక్షునకు చేరెను. కథాకాలమునాటికి ఒక్కొక్క వృద్ధునకు దినమునకు 1 షిల్లింగు 4 పెన్నీలు. అధ్యక్షునకు సంవత్సరమునకు 800 పౌనులు, చక్కని యిల్లు, తోట. మన సత్రముల మాన్యముల సంగతి యెఱిగినవారి కీ లెక్క విప్పి చెప్ప నక్కఱలేదు. అధ్యక్షుడగు హార్డింగు సాత్త్వికుడు, సంగీతప్రియుడు. ఆ వృద్ధులకు తన సొంత సొమ్ములోనుండి దినమునకు మరి 2 పెన్నీలు చేర్చి యిచ్చువాడు. తన 800 పౌనులు న్యాయముగా తనవేనా యని మాత్ర మెన్నడు నాలోచింపలేదు.

జాన్ బోల్డను యువ సంస్కర్త ఇది యన్యాయమని వ్యాజ్యమునకు దిగెను. ఒక గొప్ప పత్రిక హార్డింగును పేరెత్తి దూషించెను. ఈ బోల్డు హార్డింగు కూతురును ప్రేమించినవాడు. ఆమె వేడుకొనగా వ్యాజ్యమును విడిచెను. న్యాయస్థానమువలని భయము తొలగెను. అయినను హార్డింగు, ఆ ధనము తనదని తన మనస్సు ఒప్పనందున, పదవిని వదలి, ఏటికి 75 పౌనులు వచ్చు నొక చిన్న దేవాలయముతో తృప్తిపడెను.

మొదటిసారి చదువునపుడు ఎవరిది గెలుపో తెలిసికొనవలెనను తొందర యుండును. సంస్కారాభిమానియగు చదువరి బోల్డు పక్షము వహించును. తప్పు గాదు, ఆ రాబడిపంపకము నిజముగా నన్యాయమే. రెండవసారి గెలుపోటముల చింత లేదు గనుక, దృష్టి హార్డింగు చేతులపై నిలుచును. ఆయనకు సెల్లో యను పెద్ద తంత్రీవాద్య మనిన ప్రాణము. ఎవరైన గద్దించినపుడు, మనసు కలతపడినపుడు, ఆయన చేయి లేని వాద్యముపై లేని కమానును మెల్లగా నడపుచుండును. ఇది మొదట నవ్వు పుట్టించును. ఆయన తుదకేమి చేయనున్నాడో యెఱిగి చదువునపుడు మాత్రము, ఆ చేతికదలికలోనే ఒక మనుష్యుడు తన్ను తాను విచారించుకొనుచున్నట్లు కనబడును.

మూడవసారి చదువునపుడు కనబడువారు ఆ వృద్ధులు. మొదటినుండియు వారచ్చటనే యున్నారు. వారి పేరిటనే వ్యాజ్యము నడచినది. ఒక్కొక్కరికి ఏటికి 100 పౌనులు రాగలవని చెప్పి అర్జీపై గుర్తులు పెట్టించిరి. కథాంతమున వారికేమి దొరకెను? అధ్యక్షుడు పోయెను, అతని స్థానమున బిషప్పు మఱియొకనిని నియమింపలేదు. సొంత సొమ్మునుండి వచ్చు 2 పెన్నీలు నిలిచిపోయెను. పలుకరించు దిక్కు లేకపోయెను. పండ్రెండుగురిలో ఆఱుగురు చనిపోగా ఆ ఆఱు స్థానములును ఖాళీగనే యుండెను. ఈ సంగతి గ్రంథము తుదిపుటలలో నున్నది. మొదటిసారి చదువువాడు అప్పటికే కథ ముగిసినదన్న తృప్తితో దానిని దాటిపోవును.

ఇందువలన ట్రాలోపు సంస్కారమునకు శత్రువని కొందరందురు. నే నొప్పుకొనను. అధ్యక్షుని రాబడి ధర్మమని ఆయన యెచ్చటను చెప్పలేదు. పత్రికలయెడల మాత్రము ఆయనకు పక్షపాతము కలదు. డికెన్సును మాఱుపేరుతో ఎగతాళి చేసిన భాగ మెన్నిమార్లు చదివినను నాకు రుచింపలేదు. గ్రంథము చూపునది వేఱు: అన్యాయము నెదిరించినవాని పని వ్యాజ్యముతో ముగియదు, ఎవరికొఱకై యెదిరించెనో వారి గతి యేమైనదో అతడు తిరిగి వచ్చి చూడవలయును. మన దేశమున నిది యనుభవసిద్ధమే. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిగినది. ఆ దినమును మనమందఱము స్మరింతుము. ఆ వివాహములతో సంబంధపడినవారు వెలిపడినప్పుడు వారి బాగోగులు చూచుటకై వీరేశలింగముగారు పడిన పాట్లను స్మరించువారు తక్కువ. పేరుమోసిన దినమును గుర్తుంచుకొని తరువాతి దినములను మఱచుట మనకును అలవాటే. మరల చదువుట ఈ మఱపునకు మందని చెప్పను. దాటవేసిన పుటను చూపించునని మాత్రము చెప్పుదును.

అన్ని పునఃపఠనములు ఇట్టివే యనుట మాయ. ఇష్టమైన ఘట్టములు మాత్రమే యేఱుకొని చదువువారు కలరు. ఈ గ్రంథమాలలో బిషప్పును ఆడించు ఆయన భార్య మిసెస్ ప్రౌడీ యున్నది. ఆమె నోటికొఱకే చదువువా రెందఱో. ఒకప్పుడు ఎథీనియము క్లబ్బులో ఇద్దఱు మతగురువులు, ఈ గ్రంథకర్త అవే పాత్రలను తిరిగి తిరిగి తెచ్చుచున్నాడని, ముఖ్యముగా ఆమెను తెచ్చుచున్నాడని విసుగుకొనిరట. అచ్చటనే యున్న ట్రాలోపు లేచి, ఇంటికి పోయి వారము లోపల ఆమెను చంపెదనని చెప్పి, కడపటి నవలలో అట్లే చంపెను. తరువాత అందుకు విచారించెను. ఆ గురువులు ఆ నవలలను ఒక్కసారియే చదివియుందురని నా యనుమానము.

ఆయన గడియారము ముందుంచుకొని కాలుగంటకు 250 మాటల చొప్పున వ్రాసినవాడు. ఈ సంగతి 1883లో, ఆయన మరణానంతరము స్వీయచరిత్రము వెలువడినపుడు, పలువురు చదువరులకు రోత పుట్టించినది. గంట కొట్టగనే పాఠము మొదలుపెట్టి గంట కొట్టగనే ముగించువాడ నగుటచే నాకది లోపముగా తోచలేదు.

1939 మొదలు 1945 వఱకు నడచిన యుద్ధకాలమున ఇంగ్లండులో ఈ నవలలకు మరల గొప్ప యాదరణ కలిగెను. పైన బాంబులు పడుచుండగా బార్సెట్టు తోటలలో విహరించుట పలాయనమే కావచ్చును. అట్టివారి విశ్రాంతిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. వారు చదివినవాటిలో రెండవ నవలయు నుండును గదా.

ఆ రెండవదగు 'బార్చెస్టర్ టవర్స్' 1857 నాటిది. మరల చదువువానికి దాని మొదటి పుటలే బరువుగా తోచును, ఏలన బోల్డు అప్పటికే మరణించియున్నాడు. పార్లమెంటు క్రొత్త చట్టము చేసి ధర్మశాలను తెఱపించును. పండ్రెండుగురు వృద్ధులతోబాటు పండ్రెండుగురు వృద్ధస్త్రీలకును చోటు దొరకును. అధ్యక్షుని జీతము 450 పౌనులుగా నిర్ణయింపబడును. ఆ పదవి హార్డింగునకు రాలేదు. పదునలుగురు బిడ్డలతో దారిద్ర్యమున మునిగియున్న క్వివర్‌ఫుల్లను గురువునకు పోయెను. వెనుకటి అధ్యక్షునే తలచుకొని యున్న వృద్ధులు క్రొత్తవానిని సుముఖముగా చూడరని హార్డింగు ఎఱుగును. అందుచేత ప్రవేశదినమున తానే వచ్చి, క్వివర్‌ఫుల్లు చేతిలో చేయి వేసి, తన పాత వాకిటిగుండ లోపలికి నడిపించుకొనిపోయి, ఇతనిని నా స్నేహితునిగా చూడుడని వారికి అప్పగించును.