వేడినీటి బుగ్గ ముందు

అమెరికాలో గ్రాండ్ టీటన్ నుంచి పొద్దున్నే ఉత్తరంగా బయల్దేరితే, మధ్యాహ్నంలోపే ఎల్లోస్టోన్ పార్కులో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ ముందు బెంచీ మీద కూర్చోవచ్చు. దారిలో బైసన్ల మంద రోడ్డుకి అడ్డం పడకపోతేనే సుమా!

ఆ వేడినీటి బుగ్గ గడియారం చూసుకుని లేస్తుందనుకుంటారు చాలామంది. అదేం కాదు. కిందటిసారి కాసేపే చిమ్మితే తర్వాతి వంతు సుమారు గంటకే వస్తుంది. నాలుగైదు నిమిషాలు చిమ్మిందా, నేల కింద నీళ్లు మళ్లీ నిండి కాగడానికి గంటన్నర పట్టొచ్చు. పార్కు వాళ్లు ఈ లెక్కతోనే బోర్డు మీద వేళ పెడతారు, పది నిమిషాలు అటూ ఇటూగా.

ఇక మార్నింగ్ గ్లోరీ. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరమే. ఒకప్పుడు నిండు నీలం మడుగు. చూడొచ్చినవాళ్లు విసిరిన నాణేలకీ చెత్తకీ వేడినీరు ఊరే దారి పూడి, నీరు కాస్త చల్లబడింది. అంచుల్లో బతికే సూక్ష్మజీవులు లోపలికి పాకాయి. ఇప్పుడక్కడ పసుపు, నారింజ రంగులు. ఫొటోలో భలే ఉంటాయి, అదే చిక్కు. 1950లో నీరు తోడి శుభ్రం చేస్తే చిల్లర డబ్బులతోపాటు చేతిరుమాళ్లు, తువ్వాళ్లు, మేజోళ్లు కూడా బయటపడ్డాయి. నాణెం వేసినవాళ్లు ఏదో కోరుకుని ఉంటారు. మేజోడు వేసినవాళ్ల సంగతే అంతుబట్టదు.