ప్లేటు ఫిరాయించడమా, మనసు మార్చుకోవడమా?



పెద్దమనుషుల ముందు నిన్న ఒక మాట, నేడు మరో మాట చెప్పినవాణ్ణి చూసి "ప్లేటు ఫిరాయించాడు" అంటాం. ఇది అన్నం తినే ప్లేటు కాదు. గ్రామఫోను రికార్డును మన తాతల కాలంలో ప్లేటు అనేవారు. లక్కతో చేసిన ఆ నల్లని బిళ్ల నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు సుమారు 3 నిమిషాల పాట. అది అయిపోగానే తిరగేసి ముల్లు పెడితే వేరే పాట వచ్చేది. ఫిరాయించడమంటే తిప్పడం, హిందుస్తానీ నుండి మనకు వచ్చిన మాట. 1985లో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం పేరులో ఉన్నదీ ఈ మాటే.

ప్లేటును తిప్పితే పాట మారుతుంది గాని ప్లేటు మారదు. రెండు పాటలూ దానిలో ముందే ఉన్నాయి. సువార్త మనలను పిలిచేది వేరొక మార్పుకు. మారుమనస్సు అనే మాటకు గ్రీకు మూలం 'మెతనోయియా'. అంటే మనసే మారడం.

పునీత పేతురు జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి. యొప్పాలో దర్శనం కలిగాక ఆయన తన పాత అభిప్రాయం విడిచి, అన్యుడైన కొర్నేలి ఇంట అడుగుపెట్టాడు. అందుకు యెరూషలేములో తనవారి నిందలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. అదే పేతురు అంతియోకియలో అన్యులతో కలిసి భోజనం చేస్తూ, యాకోబు వద్ద నుండి కొందరు రాగానే భయపడి పక్కకు తప్పుకున్నాడు. పునీత పౌలు ఆయనను ముఖాముఖిగా మందలించాడు. మొదటి మార్పు బరువును పేతురు తానే మోశాడు. రెండవదాని బరువు ఆ బల్లవద్ద మిగిలిపోయిన అన్యుల మీద పడింది.

మన మార్పులకూ ఇదే గీటురాయి. నిశ్చితార్థం నాడు కట్నం వద్దని, శుభలేఖలు పంచాక బండి అడిగితే ఆ బరువు ఆడపిల్ల తండ్రి మీద పడుతుంది. అది ప్లేటు ఫిరాయించడమే.

కాని పరిటాల చుట్టుపక్కల మన మెట్ట పల్లెల్లో, పొలం గట్టు దగ్గర మాటామాటా పెరిగి, "వాడి గడప తొక్కను" అని నలుగురిలో ఒట్టు పెట్టుకున్న అన్నదమ్ములున్నారు. లోపల కోపం చల్లారినా, "ఇప్పుడు వెళితే ప్లేటు ఫిరాయించాడంటారు" అని ఆగిపోతారు. ఒక ఇంటి పెండ్లికి మరో ఇంటివారు రారు. వారి పిల్లలకు పెదనాన్న ముఖమే తెలియదు.

ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల కథ తలచుకోండి. తోటకు వెళ్లనని చెప్పి, తరువాత మనసు మార్చుకొని వెళ్లినవాడే తండ్రి చిత్తం నెరవేర్చాడు. తన మాట మీద తాను నిలబడలేదని ప్రభువు అతణ్ణి తప్పుపట్టలేదు.

కానుకను బలిపీఠం ముందే విడిచి, ముందు సోదరునితో సమాధానపడమన్నాడు క్రీస్తు. ఆదివారం పూజకు వచ్చే దారిలోనే అన్న ఇల్లు ఉంటుంది. నలుగురూ ఏమన్నా అననివ్వండి. ఆ గడప తొక్కి, అన్నను వెంటబెట్టుకొని దేవాలయానికి రండి.